అక్రోపోరా: పెరుగుదల లెక్క వేరు, రంగు లెక్క వేరు

ఒకే అక్రోపోరా పగడం నుంచి విరిచిన రెండు వేలెడంత కొమ్మలు రెండు ఇళ్ల అక్వేరియంలలోకి వెళ్తాయి. కొన్ని నెలలు గడిచాక ఒక ఇంట్లో అది ముదురు నీలంగా ఉంటుంది. రెండో ఇంట్లో గోధుమ రంగులోకి దిగిపోతుంది. రెండూ ఒకే జీవి ముక్కలు కాబట్టి జన్యువుల్లో రవ్వంత తేడా ఉండదు. విచిత్రమేమిటంటే గోధుమ రంగుకి మారిన కొమ్మే నీలం కొమ్మ కన్నా వేగంగా పెరుగుతూ ఉండవచ్చు. పగడం బతికింది, పెరుగుతోంది, డబ్బు పెట్టి కొన్న రంగు మాత్రం కనిపించడం లేదు. అప్పుడు ఎక్కువమంది చేసే మొదటి పని ‘రంగు పెంచే’ సీసా ఒకటి కొనడం. చాలాసార్లు ఆ సీసా అయిపోతుంది, రంగు మాత్రం రాదు.

ఎందుకు రాదో తెలియాలంటే ఆ కొమ్మలో కనిపించే రంగులు ఎవరివో ముందు విడదీయాలి. అందులో ఉన్నది ఒక జీవి కాదు. పైకి కనిపించేది జంతువు, అంటే ఒకటి రెండు మిల్లీమీటర్ల పాలిప్‌లు అనే చిన్న జీవులు వేల సంఖ్యలో కలిసి కట్టుకున్న కాలనీ. ఉంగరాల్లో పొదిగే ఎర్ర పగడంతో దీనికి దగ్గరి చుట్టరికం లేదు. ప్రతి కొమ్మ చివర ఒక పెద్ద పాలిప్ గూడు ఉంటుంది. కొమ్మ పొడవు పెరిగేది అక్కడే. దాని పక్కల నుంచి చిన్న గూళ్లు పుడుతూ పోతాయి. ఈ జంతువు కణాల లోపల జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురముంటాయి. ఒక్క చదరపు సెంటీమీటరు కణజాలంలో ఇవి పది లక్షల వరకు ఉండడం మామూలే. వెలుతురుతో ఇవి చేసే చక్కెరలు, కొవ్వులే పగడానికి ప్రధాన ఆహారం. గోధుమ రంగు వీటిది. వీటిలో క్లోరోఫిల్‌తో పాటు పెరిడినిన్ అనే వర్ణద్రవ్యం కూడా ఉంటుంది. ఆ రెండూ కలిసి కంటికి గోధుమగా కనిపిస్తాయి.

నీలం, ఊదా, గులాబీ, మెరిసే ఆకుపచ్చ మాత్రం జంతువు సొంతం. ఆ రంగులకు కారణం ప్రోటీన్లు. 1962లో ఒసాము షిమొమురా ఒక జెల్లీఫిష్ నుంచి వేరు చేసిన ఆకుపచ్చ ఫ్లోరసెంట్ ప్రోటీన్ ఈ కుటుంబానికి చెందినదే. ఆ పనికి ఆయనకు మరో ఇద్దరితో కలిపి 2008లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. పగడాల బంధువుల్లోనూ ఇలాంటి ప్రోటీన్లు ఉన్నాయని 1999లో తేలింది. అక్రోపోరాలో ఇవి రెండు రకాలుగా పనిచేస్తాయి. మొదటివి ఫ్లోరసెంట్ ప్రోటీన్లు. నీలి కాంతిని పీల్చుకుని లేత నీలంగానో ఆకుపచ్చగానో ఎరుపుగానో తిరిగి వెలువరిస్తాయి. రెండోవి క్రోమోప్రోటీన్లు. ఇవి వెలగవు, కాంతిలో కొంత భాగాన్ని మింగేస్తాయి. మిగిలినది మనకు ఊదాగా, నీలంగా, గులాబీగా కనిపిస్తుంది. నీలి లైటు కింద ధగధగలాడే పగడం మొదటి కోవ. తెల్ల వెలుతురులో కూడా పట్టుచీరలా నిండుగా కనిపించే నీలం, ఊదా కొమ్మలు రెండో కోవ. అక్రోపోరా పెంచేవాళ్లు ఎక్కువగా తపించేది ఈ రెండో కోవ కోసమే. తొందరగా చెడేదీ అదే.

అంటే రంగు అనే ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. జంతువు తన ప్రోటీన్లను ఎంత తయారు చేస్తోంది? వాటి మీద గోధుమ రంగు తెర ఎంత మందంగా పరుచుకుని ఉంది? సీసాలు అమ్మేవాళ్లు మొదటి దాని గురించే మాట్లాడతారు. ఇంటి ట్యాంకుల్లో చాలావరకు తేడా వచ్చేది రెండో దానిలో.

మొదటి దాన్ని నడిపించేది ముఖ్యంగా నీలి కాంతి. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో యోర్గ్ వీడెన్‌మాన్ బృందం 2008లో ఈ విషయాన్ని ప్రయోగాలతో చూపించింది. ఎరుపు వెలుతురు కింద పెట్టిన పగడాల్లో ఈ ప్రోటీన్లు పెద్దగా పెరగలేదు. నీలి వెలుతురు కింద బాగా పెరిగాయి. అన్ని ప్రోటీన్లకూ ఒకే మోతాదు కూడా సరిపోదు. లేత నీలం ఫ్లోరసెంట్ ప్రోటీను తక్కువ వెలుతురులోనే తయారవుతుంది. క్రోమోప్రోటీన్లకు గట్టి వెలుతురు కావాలి. అందుకే ట్యాంకు అడుగున ఆకుపచ్చగా నిలబడ్డ కొమ్మను పైకి జరిపినప్పుడు చివర్లు ఊదాగా మారడం చూస్తాం. క్రోమోప్రోటీన్లు ఎక్కువగా చేరేది కొమ్మ చివర్లలో, అంచుల్లో, గాయం మానుతున్న చోట. ఇవన్నీ కొత్త కణజాలం పుడుతున్న చోట్లు. అక్కడ శైవలాలు ఇంకా పలచగా ఉంటాయి. తెల్లటి అస్థిపంజరం మీద పడిన కాంతి వెనక్కి తిరిగి కణజాలంలోకి వస్తుంది. ఈ ప్రోటీన్లు అక్కడ ఎండకు అడ్డుపెట్టిన పరదాలా పనిచేస్తాయని పరిశోధకుల వాదన.

ఏం చేసినా కొన్ని పగడాలకు రంగు రాదన్న మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అక్రోపోరా మిల్లెపోరా అనే జాతిలో ఎర్రటి ప్రోటీన్ జన్యువుకు చాలా ప్రతులు ఉంటాయనీ, వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయన్న దాన్ని బట్టి ఒక్కో కాలనీ రంగు మారుతుందనీ అదే బృందం 2015లో వివరించింది. కాబట్టి పక్కింటి ఊదా మిల్లెపోరాను చూసి అదే జాతి పేరుతో వేరే కొమ్మ కొంటే ఆ ఊదా వస్తుందన్న హామీ లేదు. రంగు జాతిది కాదు, ఆ ఒక్క కాలనీది. ఈ వ్యాపారంలో ‘ఓరెగాన్ టార్ట్’, ‘వాల్ట్ డిస్నీ’, ‘స్ట్రాబెర్రీ షార్ట్‌కేక్’ లాంటి పేర్లు పుట్టడానికి కారణం ఇదే. వినడానికి ఐస్‌క్రీమ్ మెనూలా ఉంటాయి కానీ, ఒక నిర్దిష్ట జన్యు వంశాన్ని గుర్తుపెట్టుకోవడానికి శాస్త్రీయ నామం కన్నా ఇవే ఎక్కువ పనికొస్తాయి. తిరకాసు ఒకటే. ఆ పేర్లకు కాపలా లేదు, ఎవరు ఏ కొమ్మకు ఏ పేరైనా పెట్టి అమ్ముకోవచ్చు.

ఇక గోధుమ తెర సంగతి. అక్రోపోరా పెంపకం చరిత్ర అంతా ఈ తెరతో కుస్తీయే అనవచ్చు. 1980ల మొదట్లో బెర్లిన్‌కు చెందిన డీట్రిష్ స్ట్యూబర్ అనే ఔత్సాహికుడు ఒక అక్రోపోరాను ఇంట్లో పెంచి, కొమ్మలు విరిచి తోటివాళ్లకు పంచాడు. ఆ ఒక్క పగడం ముక్కలు యూరప్ దాటి అమెరికా దాకా పాకాయి. సజీవ శిలలు (బ్యాక్టీరియా, చిన్న జీవులు కాపురమున్న సముద్రపు రాళ్లు), గట్టి ప్రోటీన్ స్కిమ్మర్ (నీళ్లలోని మలినాలను నురగగా లాగేసే యంత్రం), బలమైన లైటు, సున్నపు నీరు. ‘బెర్లిన్ పద్ధతి’ అంటే ఇదే. అంతకు ముందు అక్రోపోరా అంటే కొన్నాళ్లు ఉండి చచ్చిపోయే జీవి అన్న అభిప్రాయం ఉండేది. అది పోయింది. పగడాలు బతికాయి, పెరిగాయి. వాటిలో చాలా వాటికి వంటబట్టిన రంగు మాత్రం గోధుమే.

కారణం నైట్రేటు. చేపలకు వేసే మేత చివరికి నైట్రేటు, ఫాస్ఫేటుగా నీళ్లలో మిగులుతుంది. జూజాంథెల్లేకు అవి ఎరువు. యూరియా ఎక్కువ పడిన వరి ఎలా నల్లగా ఏపుగా ఎదుగుతుందో, నత్రజని దండిగా ఉన్న నీళ్లలో ఈ శైవలాలూ అలాగే కిక్కిరిసి, ఒక్కో కణంలో క్లోరోఫిల్ పెంచుకుని ముదురుతాయి. జంతువు నీలం ప్రోటీన్ ఎంత తయారు చేసినా ఆ గోధుమ కింద అణిగిపోతుంది. ఇదే ట్యాంకులో పెరుగుదల బాగుండవచ్చు. నత్రజనితో పాటు ఆల్కలినిటీ (నీళ్లలోని బైకార్బనేటు నిల్వ), వెలుతురు కూడా సరిపడా ఉంటే పగడానికి లోటేమీ ఉండదు. లోటు చూసేవాళ్లకే.

దీనికి విరుగుడుగా 2000ల తర్వాత ఒక కొత్త ఉద్యమం వచ్చింది. అమ్మోనియాను పట్టుకునే జియోలైట్ రాళ్లతో, బ్యాక్టీరియాకు కార్బన్ మేతతో, ఫాస్ఫేటును పీల్చే ఇనుప రేణువులతో నీళ్లను దాదాపు ఖాళీ చేశారు. టెస్ట్ కిట్‌లో సున్నా కనిపిస్తే పండగ. రంగులు నిజంగానే వచ్చాయి. గోధుమ తెర పలచబడింది, కింద ఉన్న గులాబీ, లేత నీలం బయటపడ్డాయి. ఫొటోల్లో అద్భుతంగా ఉండేవి. అయితే అవి పలచటి రంగులు, సున్నిత ప్రాణాలు. ఒక రోజు ఆల్కలినిటీ తప్పినా, ఒక మధ్యాహ్నం వేడి పెరిగినా కొమ్మ చివర్లు కాలిపోయేవి, కణజాలం పొరలుగా ఊడిపోయేది.

ఆ రోజుల్లో అందం అనుకున్నదాని గురించి శాస్త్రం తర్వాత చెప్పినది కాస్త ఇబ్బందికరమైన నిజం. 2020లో వీడెన్‌మాన్ బృందమే ‘రంగుల బ్లీచింగ్’ మీద ఒక పరిశోధన ప్రచురించింది. సముద్రంలో వేడి వల్ల పగడాలు శైవలాలను వదిలేసినప్పుడు మామూలుగా తెల్లబడతాయి. కొన్నిసార్లు మాత్రం తెల్లబడకుండా నియాన్ రంగుల్లోకి మారిపోతాయి. శైవలాలు తగ్గాక అస్థిపంజరం మీద పడిన నీలి కాంతి ఎక్కువగా వెనక్కి వస్తుంది. దాన్ని తట్టుకోవడానికి జంతువు తన రంగు ప్రోటీన్లను ఒక్కసారిగా పెంచుతుంది. ఆ నీడలో శైవలాలు మళ్లీ చేరుకునే వీలు కలుగుతుంది. అంటే మెరుపు ఎక్కువైనంత మాత్రాన ఆరోగ్యం బాగున్నట్టు కాదు. ఇంటి ట్యాంకులో మిఠాయి రంగుల్లో మెరిసే అక్రోపోరా కడుపు నిండినది కావచ్చు, అర్ధాకలితో ఉన్నది కావచ్చు. రంగు ఒక్కదాన్నే చూసి ఏది ఏదో చెప్పలేం. పాలిప్‌లు విచ్చుకుని ఉన్నాయా, కొత్త చివర్లు పుడుతున్నాయా, కొమ్మ అడుగు భాగం రాయి మీదకు పాకుతోందా అన్నవి కలిపి చూడాలి.

అదే బృందం 2013లో చేసిన మరో పని ఇంటి అక్వేరియంలకు ఇంకా నేరుగా పనికొస్తుంది. నైట్రేటు ఎక్కువగా ఉండి ఫాస్ఫేటు దొరకని నీళ్లలో శైవలాలు నత్రజని చూసి పెరగాలని చూస్తాయి. ఫాస్ఫరస్ లేక వాటి పొరలు సరిగ్గా కట్టుకోలేవు. అలాంటి పగడం వేడికీ వెలుతురుకీ తొందరగా బ్లీచ్ అవుతుంది. ఫాస్ఫేటు రాక్షసి అని నమ్మి దాన్ని పూర్తిగా తీసేసి, నైట్రేటును మాత్రం వదిలేసిన ట్యాంకులు ఎన్నో ఉండేవి. అవి ఎందుకు కూలిపోయాయో ఈ పరిశోధనతో అర్థమవుతుంది. రెండూ తక్కువ మోతాదులో ఉండాలి కానీ, ఏ ఒక్కటీ అడుగంటకూడదు. ఇప్పుడు అనుభవజ్ఞులు ఎక్కువగా పాటించే అంకెలు నైట్రేటుకు 2 నుంచి 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని అన్న కొలత), ఫాస్ఫేటుకు 0.03 నుంచి 0.1 పీపీఎం. ఇవి సముద్రపు అంకెలు కావు. స్వచ్ఛమైన పగడపు దిబ్బ నీళ్లలో రెండూ ఇంకా చాలా తక్కువ. అయితే అక్కడ అలతో పాటు ప్లవకాలు రాత్రింబవళ్లు వచ్చి నోట్లో పడుతుంటాయి. గాజు పెట్టెలో ఆ రాబడి లేదు. సముద్రపు అంకెను తెచ్చుకుని సముద్రపు మేత తేకపోతే మిగిలేది ఆకలే.

మేత అన్నప్పుడు చేపల్ని మరిచిపోకూడదు. పగలు పగడపు తలల మీద గుంపులుగా విశ్రమించే చేపల విసర్జన వల్ల ఆ పగడాలు ఎక్కువగా పెరుగుతున్నాయని కరీబియన్ సముద్రంలో గమనించి 1983లోనే ‘సైన్స్’ పత్రికలో రాశారు. చేపలు మొప్పల ద్వారా వదిలే అమ్మోనియాను పగడం నైట్రేటు కన్నా సులువుగా వాడుకుంటుంది. అందుకే నిండా చేపలు పెట్టి, వాటికి రోజుకు రెండు మూడు సార్లు మేత వేసి, మిగులును స్కిమ్మర్‌తో గట్టిగా లాగేసే ట్యాంకుల్లో రంగులు నిండుగా ఉంటున్నాయి. చేపలు లేకుండా నైట్రేటు సీసాతో అంకె సరిచేసే ట్యాంకుల కన్నా అవే నయం. అంకె ఒకటే అయినా, ఆ అంకె వెనక ఎంత మేత వచ్చి పోతోందన్నది వేరు.

వెలుతురు విషయంలో పాత గొడవలు చాలావరకు సద్దుమణిగాయి. మెటల్ హాలైడ్ దీపాలు, టీ5 అనే సన్నటి ట్యూబులైట్లు, ఎల్ఈడీ మూడింటితోనూ మంచి రంగులు తెచ్చినవాళ్లున్నారు. లైటు బలాన్ని పార్ అనే కొలతలో చెప్తారు. ఉష్ణమండల సముద్రం పైన మిట్ట మధ్యాహ్నం ఇది 2000 చుట్టూ ఉంటుంది. ఇంటి ట్యాంకులో చాలా అక్రోపోరాలకు 250 నుంచి 400 చాలు. అంతకు మించి పెంచితే కిరణజన్య సంయోగక్రియ ఇక పెద్దగా పెరగదు, అదనపు కాంతి భారమే అవుతుంది. ఎల్ఈడీలతో వచ్చే చిక్కు బలం తక్కువ కావడం కాదు. వెలుతురు ఒకే బిందువు నుంచి పడుతుంది. పై కొమ్మ కింది కొమ్మకు గట్టి నీడ వేస్తుంది, ఆ నీడలో కణజాలం గోధుమగా మారి, చివరికి చచ్చిపోతుంది. టీ5 ట్యూబుల కింద కాలనీ అన్ని వైపులా రంగు పట్టడానికి కారణం వెలుతురు పరుచుకుని పడటమే. ఇప్పుడు చాలామంది ఎల్ఈడీ పక్కన రెండో నాలుగో ట్యూబులు పెట్టుకోవడం అందుకే.

నీలి కాంతి రంగు ప్రోటీన్లను పెంచుతుందన్న నిజాన్ని మార్కెట్ తనకు అనుకూలంగా మలుచుకుంది. కేవలం నీలి లైటు కింద, కెమెరాకు నారింజ ఫిల్టర్ పెట్టి తీసిన ఫొటోలో ఏ అక్రోపోరా అయినా వజ్రంలా మెరుస్తుంది. ఇంటికొచ్చాక తెల్ల వెలుతురు వేస్తే అదే కొమ్మ ఆకుపచ్చ కలిసిన గోధుమగా కనిపిస్తుంది. మోసం అనడానికి వీల్లేదు, ఫ్లోరసెన్స్ నిజమే కదా. అయినా కొనేముందు తెల్ల లైటు కింద తీసిన ఒక ఫొటో అడగడం మంచిది. అక్రోపోరా యోంగీ, అంటే దుకాణాల్లో ‘గ్రీన్ స్లైమర్’గా దొరికే జాతి, ఈ బేరాల్లో నిజాయితీపరురాలు. ఫ్లోరసెంట్ ఆకుపచ్చ దానిలో బలంగా ఉంటుంది కాబట్టి సాధారణమైన ట్యాంకులోనూ రంగు నిలుపుకుంటుంది. ఇదే జాతిని చలికీ వేడికీ గురిచేసి చేసిన ప్రయోగంలో ఒత్తిడి మొదలవగానే ఆకుపచ్చ మెరుపు తగ్గడం కనిపించింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆ జాతి మంచి కాపలాదారు. దాని ఆకుపచ్చ మందగించిందంటే ట్యాంకులో ఏదో తేడా వచ్చినట్టే.

పెరుగుదల వైపు వస్తే అక్కడ లెక్క చాలా శుభ్రంగా ఉంటుంది, రంగులో ఉన్నంత మార్మికత లేదు. పగడపు అస్థిపంజరం కాల్షియం కార్బనేటు, ఆరగొనైట్ స్ఫటిక రూపంలో. దాన్ని కట్టుకోవడానికి నీళ్లలోంచి కాల్షియం, బైకార్బనేటు తీసుకుంటుంది. ఆ బైకార్బనేటు నిల్వకు కొలతే ఆల్కలినిటీ. సముద్రంలో ఇది సుమారు 7 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే డిగ్రీ), కాల్షియం 410-420 పీపీఎం, మెగ్నీషియం 1280-1300 పీపీఎం. ఆల్కలినిటీ 2.8 డీకేహెచ్ తగ్గితే కాల్షియం 20 పీపీఎం తగ్గుతుంది. ఈ నిష్పత్తి మారదు. అందుకే ముందు ఖాళీ అయ్యేది ఆల్కలినిటీ. కాల్షియం నిల్వ పెద్దది, కొన్ని రోజులు పట్టించుకోకపోయినా తెలియదు.

ఒక లెక్క వేసి చూద్దాం. 200 లీటర్ల ట్యాంకు రోజుకు 1 డీకేహెచ్ తాగుతోందనుకుందాం. కాల్షియం కేవలం 7 పీపీఎం తగ్గుతుంది, టెస్ట్ కిట్‌లో అది పొరపాటు కింద కొట్టుకుపోతుంది. ఆ నీళ్లలో పగడాలు, గులాబీ రంగు సున్నపు శైవలాలు కలిసి ఆ రోజు కట్టుకున్న రాయి సుమారు మూడున్నర గ్రాములు. ఆ ఆల్కలినిటీని తిరిగి నింపడానికి 6 గ్రాముల వంటసోడా సరిపోతుంది. ఎంతో ఖరీదైన కొమ్మల పెరుగుదలకు ముడిసరుకు ఇంత చవక. వంటసోడాకు జతగా కాల్షియం క్లోరైడు ద్రావణం వేస్తే దాన్నే రెండు సీసాల డోసింగ్ అంటారు.

దానికన్నా పాత పద్ధతి మనకు బాగా తెలిసినది. సున్నపు తేట. జర్మన్ మాటతో కాల్క్‌వాసర్ అని అందరూ పిలిచే ఈ పద్ధతిని పీటర్ విల్కెన్స్ 1970లలో ప్రచారంలోకి తెచ్చాడు. తడిపిన సున్నం నీళ్లలో కలిపి, పైన తేరిన తేటను ట్యాంకులో ఆవిరైపోయిన నీటికి బదులుగా చుక్క చుక్కగా వేస్తారు. కాల్షియం, ఆల్కలినిటీ రెండూ సరైన నిష్పత్తిలో ఒకేసారి చేరతాయి, వెనక ఉప్పు మిగలదు. పై ఉదాహరణలోని ట్యాంకుకు నిండా కరిగిన సున్నపు తేట రోజుకు ఒకటిముప్పావు లీటరు అవసరమవుతుంది. ఆ పరిమాణంలో ట్యాంకు నుంచి రోజూ ఆవిరయ్యే నీరు కూడా దాదాపు అంతే ఉంటుంది కాబట్టి లెక్క సరిపోతుంది. అయితే దాని పీహెచ్ 12 పైన. పంపు ఆగకుండా ఒక్కసారిగా పోసేస్తే ట్యాంకంతా చచ్చిపోతుంది. కిళ్లీ కొట్టు సున్నం దీనికి పనికిరాదు, కలుషితాలు ఎన్నున్నాయో తెలియదు. ఆహార ప్రమాణాల కాల్షియం హైడ్రాక్సైడే కావాలి.

సున్నపు తేటకు ఇంకో లాభం ఉంది. అది నీళ్లలోని కార్బన్ డయాక్సైడును తినేస్తుంది, పీహెచ్ పెరుగుతుంది. చలిదేశాల్లో శీతాకాలం తలుపులన్నీ మూసి, ఇంట్లో నలుగురు మనుషులు, ఒక గ్యాస్ పొయ్యి ఉంటే గదిలో కార్బన్ డయాక్సైడు పేరుకుంటుంది. ట్యాంకు పీహెచ్ 7.8కి పడిపోతుంది. పీహెచ్ పెరిగే కొద్దీ పగడం రాయిని తేలిగ్గా కట్టుకుంటుంది. ఏ సీసా కొనకుండా స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటికి పెట్టినందుకే పెరుగుదల మెరుగైన ట్యాంకులున్నాయి. ఇది పెద్దగా ఎవరూ అమ్మలేని సలహా కాబట్టి ప్రకటనల్లో కనిపించదు.

ఇప్పుడు రెండు లెక్కలూ ఎక్కడ ఢీకొంటాయో చూడాలి. పెరుగుదల కోసం ఆల్కలినిటీని 9, 10, 11 డీకేహెచ్‌కు పెంచడం అలవాటు. నైట్రేటు, ఫాస్ఫేటు దండిగా ఉన్న ట్యాంకులో అది చెల్లుతుంది. రంగు కోసం పోషకాలను తగ్గించిన ట్యాంకులో అదే ఆల్కలినిటీ పెడితే కొమ్మ చివర్లు కాలినట్టు తెల్లబడి, కణజాలం వెనక్కి తగ్గుతుంది. రాయి కట్టమని రసాయనం తొందరపెడుతోంది, కణజాలం పెంచే శక్తి జంతువు దగ్గర లేదు అన్నది పెంపకందార్లు చెప్పుకునే వివరణ. దాని వెనక ప్రయోగాల బలం తక్కువే, అనుభవం మాత్రం అన్ని దేశాల్లోనూ ఒకేలా ఉంది. రంగు ముఖ్యమనుకుంటే 7 నుంచి 8.5 మధ్య ఒక అంకె ఎంచుకుని అక్కడే ఉంచాలి. ఏ అంకె అన్నదాని కన్నా ఉదయం 7.2, సాయంత్రం 8.4 కాకుండా చూడటం ముఖ్యం. కొత్త ట్యాంకుల్లో అక్రోపోరా బతకకపోవడానికి ఎక్కువగా కనిపించే కారణం ఈ ఊగిసలాటే. ఆటోమేటిక్ డోసింగ్ పంపుకు పెట్టిన ఖర్చు రంగు సీసాలకు పెట్టిన ఖర్చు కన్నా ముందే వసూలవుతుంది.

ఆ సీసాల్లో ఏముంది? పొటాషియం, అయొడిన్, ఐరన్, మాంగనీస్, అమైనో ఆమ్లాలు. ఇవి బొత్తిగా పనికిరానివి కావు. సముద్రంలో పొటాషియం 400 పీపీఎం దగ్గర ఉంటుంది. ట్యాంకులో అది 300కు పడిపోయినప్పుడు నీలం రంగులు మసకబారాయని చెప్పేవాళ్లు ఎందరో ఉన్నారు. లోటు ఉంటే తీర్చాలి. లోటు లేనప్పుడు 400ను 450 చేస్తే నీలం ఇంకా నీలమవుతుందన్నది నమ్మకమే. నీళ్లలో ఏ మూలకం ఎంతుందో తెలుసుకోవడానికి ల్యాబుకు పంపి చేయించే ఐసీపీ పరీక్షలు వచ్చాక ఈ విషయంలో ఊహలు చాలా తగ్గాయి. ఆ పరీక్షల అసలు ఉపయోగం లోటు పట్టుకోవడం కన్నా మిగులు పట్టుకోవడంలోనే కనిపిస్తోంది. తుప్పు పట్టిన అయస్కాంతం నుంచి, పాత హీటరు నుంచి, నల్లా గొట్టం నుంచి చేరిన రాగి, జింక్, టిన్ లాంటివి. రంగు పోవడానికి ఏ సీసా లేకపోవడమో కారణం అనుకుంటూ ఉంటే, అసలు కారణం పంపు లోపల విరిగిన ఒక స్క్రూ కావచ్చు.

నీటి ప్రవాహం గురించి క్లుప్తంగా. పగడం చుట్టూ కదలని నీటి పొర ఒకటి ఉంటుంది. ప్రాణవాయువు, బైకార్బనేటు, అమ్మోనియా అన్నీ ఆ పొర దాటి రావాలి. ప్రవాహం బలంగా, దిశ మారుతూ ఉంటే ఆ పొర పలచబడుతుంది. రాత్రి శైవలాలు కూడా ప్రాణవాయువు వాడుకునే సమయంలో కాలనీ లోపలి కొమ్మలు ఊపిరాడక చచ్చేది ప్రవాహం చాలనప్పుడే. కాలనీ పెరిగి దట్టమయ్యే కొద్దీ మొదట్లో సరిపోయిన పంపు చాలకుండా పోతుంది. పెద్ద కాలనీ లోపల ఉన్నట్టుండి తెల్లబడిందంటే నీటి రసాయనం పరీక్షించే ముందు ప్రవాహం చూడాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా ఒక్క పగడమే మసకబారుతుంటే పురుగుల్ని అనుమానించాలి. అక్రోపోరానే తిని బతికే చదును పురుగు ఒకటుంది. ఏళ్ల తరబడి అక్వేరియంలను నాశనం చేసినా దానికి శాస్త్రీయంగా పేరు పెట్టింది 2011లోనే, అమకుసప్లానా అక్రోపోరే అని. సముద్రంలో అది తర్వాత గ్రేట్ బారియర్ రీఫ్‌లోని లిజర్డ్ ద్వీపం దగ్గర దొరికింది. ఒళ్లు పారదర్శకం, తిన్న పగడం రంగే దాని రంగు, కాబట్టి కంటికి ఆనదు. ఆనేది కాటు గుర్తులే, గుండ్రటి లేత మచ్చలు. చాలామంది వాటిని పోషకాల లోపం అనుకుని సీసా వైపు వెళ్తారు. అయొడిన్ లాంటి ద్రావణాల్లో ముంచితే పురుగులు ఊడిపోతాయి, గుడ్లు చావవు. కణజాలం లేని అడుగు భాగంలో గుంపుగా పెడుతుంది కాబట్టి ఆ అడుగు ముక్క కోసి పారేయడం, కొత్త కొమ్మను వేరే తొట్టిలో కొన్ని వారాలు ఉంచి మళ్లీ మళ్లీ ముంచడం తప్ప దారి లేదు. అర మిల్లీమీటరు ఉండే టెగాస్టిస్ అక్రోపోరానస్ అనే ఎర్ర మచ్చ పురుగు ఇంత ప్రమాదకరం కాదు. సాధారణంగా పగడాన్ని చంపదు, పాలిప్‌లు ముడుచుకునేలా చేసి రంగు తగ్గిస్తుంది.

ఈ కొమ్మలన్నీ మొదట సముద్రం నుంచి వచ్చినవే. 2018లో ఇండోనేషియా పగడాల ఎగుమతి ఆపేసినప్పుడు ధరలు ఒక్కసారి పెరిగాయి, తర్వాత మళ్లీ తెరిచారు. ఆ విరామంలో ఇంట్లో, ఫారంలో పెంచిన కొమ్మల విలువ అందరికీ తెలిసొచ్చింది. అవి గాజు పెట్టె నీళ్లకు, లైటుకు ముందే అలవాటుపడి ఉంటాయి. సముద్రం నుంచి కొత్తగా వచ్చినది రంగు కోల్పోయి మళ్లీ తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ బృందం ఉష్ణోగ్రత, పగటి పొడవు, వెన్నెల వెలుతురు అన్నీ కంప్యూటర్‌తో నడిపి నాలుగు అక్రోపోరా జాతుల చేత ట్యాంకులోనే గుడ్లు పెట్టించింది, 2017లో ఆ పద్ధతి ప్రచురించింది. ఇప్పటిదాకా ఈ అభిరుచి అంతా పాత కాలనీల ముక్కల మీదే నడిచింది. గుడ్ల నుంచి పుట్టే పిల్లల్లో ప్రతిదీ కొత్త జన్యు కలయిక కాబట్టి, రంగును నీళ్లతో సరిచేయడంతో పాటు ఎంపికతోనూ తెచ్చుకునే అవకాశం ఏర్పడుతుంది.

ఇదంతా అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్నవాళ్లకు వర్తించే సంగతి. గోదావరి, కృష్ణ తెచ్చిపోసే ఒండ్రు వల్ల ఆంధ్ర తీరంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు కట్టుకోలేదు. మన దేశంలో అవి ఉన్నది లక్షద్వీప్, అండమాన్ నికోబార్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖలలో. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు, అంటే పులికి ఉన్న రక్షణే అక్రోపోరాకూ ఉంది. పట్టడం, అమ్మడం, కొనడం నేరం, మూడేళ్లకు తగ్గని జైలు శిక్ష ఉంది. అంతర్జాతీయ రవాణాకు, ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధం కింద అనుమతి పత్రాలు వేరే కావాలి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఎవరైనా ‘లైవ్ అక్రోపోరా’ అమ్ముతామంటే ఆ కాగితాలేవో ముందు అడగాలి. డాలస్‌లో ఇంట్లో పెంచిన కొమ్మే అయినా సెలవులకు వస్తూ బ్యాగులో వేసుకుని రావడం కుదరదు. అండమాన్ బీచ్‌లో ఏరుకున్న ఎండిన పగడపు ముక్కకూ ఇదే చట్టం.